పలమనేరు కొలిమి గుద్దలి: రెండు వానాకాలాలు వాడాక చెప్తున్నా

పోయిన నెల ఏనుగుల అడవిలో మా పని చూడ్డానికి తిరుపతి నుంచి కొంతమంది పిల్లలు వచ్చారు. పోతూ పోతూ ఫొటోలు తీసుకున్నారు, అవి ఎక్కడెక్కడ తిరిగాయో కానీ అప్పట్నుంచి నాకు రోజూ ఒకటే మెసేజ్, "మేడం, ఆ గుద్దలి ఎక్కడ కొన్నారు?" అని. ఏనుగుల గురించి ఒక్కరూ అడగలేదు, గుద్దలి గురించే. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. అది ఆన్‌లైన్‌లో దొరకదు. దానికి కంపెనీ లేదు, పేరు లేదు. పలమనేరులో ఒక కొలిమిలో చేయించాం. కొట్టుకు బోర్డు కూడా లేదు, పాత లారీ కమాన్ పట్టీలు గుట్టగా పడి ఉంటాయి, అదే గుర్తు. ఊళ్లో ఎవర్నడిగినా "ఆచారి కొలిమా?" అని దారి చూపిస్తారు.

అసలు ఇది దేనికో ముందు చెప్పాలి. లేకపోతే కొనుక్కెళ్లి కొబ్బరి చెట్టుకు పాదు తీసి, మట్టి సరిగ్గా రావడం లేదని నన్ను తిడతారు. ఇది మట్టి తవ్వే గుద్దలి కాదు, లాంటానా తీసే గుద్దలి. పులికంప అంటే మీకు తొందరగా అర్థమవుతుందేమో. రోడ్ల పక్కన పసుపు, గులాబీ, నారింజ రంగులు ఒకే గుత్తిలో కలిపి పూస్తుంది చూడండి, అదే. చిన్నప్పుడు ఆ నల్లటి పండ్లు తిని నాలుకలు చూపించుకున్న బ్యాచ్‌లో నేనూ ఉన్నా (పచ్చికాయలు మాత్రం విషం, మీ పిల్లల్ని తిననివ్వకండి). ఇది మన దేశపు మొక్క కాదు, ఎక్కడో అమెరికా ఖండాల్లోది. రెండొందల ఏళ్ల కిందట బ్రిటిష్‌వాళ్లు కలకత్తా తోటలో అందం కోసం పెట్టారు. ఇప్పుడు దేశంలో పులులు తిరిగే అడవుల్లో దాదాపు 40 శాతం దీని చేతిలో ఉందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. అందం కోసం పెట్టిన ఒక్క మొక్క.

నేను పనిచేసేది కౌండిన్య అభయారణ్యం వైపు. తెలియనివాళ్లకు, ఇది పలమనేరు నుంచి కుప్పం దాకా పొడుగ్గా, సన్నగా సాగే అడవి, 357 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు ఇటు దాటి వచ్చాయి. దాదాపు రెండు శతాబ్దాల తర్వాత మన దగ్గర మళ్లీ కనబడిన అడవి ఏనుగులవి. వాటి కోసమే 1990లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. పెద్ద ఏనుగుకు రోజుకు నూట యాభై కిలోల మేత కావాలి. గడ్డి, వెదురు, మర్రి కొమ్మలు, వెలక్కాయలు ఉండాల్సిన చోట పులికంప అల్లుకుపోతే, దాన్ని ఏనుగు తినదు, జింక తినదు, ఆవు తింటే లివర్ పోతుంది. ఇక ఏనుగు ఏం చేస్తుంది? అడవి అంచున రాగి చేను, దాని పక్కన చెరుకు, ఆ పక్కన మామిడి తోట. తప్పంతా లాంటానాదే అనను, నీళ్లు, కరువు, తెగిపోయిన దారులు చాలా ఉన్నాయి. కానీ మన చేత్తో మనం తీయగలిగిన కారణం ఇదొక్కటే.

తీయడం అంటే నరకడం అనుకున్నాం మొదట్లో. అక్కడే నా డబ్బులు, రెండేళ్ల కాలం పోయాయి.

ముందు ఆన్‌లైన్‌లో పెట్రోల్‌తో నడిచే బ్రష్‌కట్టర్ తెప్పించా, పదకొండు వేలు. ఏ కంపెనీయో చెప్పను, వాళ్ల కస్టమర్ కేర్‌తో నాకు ఇంకా యుద్ధం నడుస్తోంది. మూడో వారానికే బ్లేడు పగిలింది, మారు బ్లేడు ఇవాళ్టికీ రాలేదు. సరే, మిషన్ సంగతి వదిలేయండి, మిషన్ బాగా పనిచేసినా లాభం లేదు. పులికంపను నేల పైన ఎక్కడ నరికినా, నరికిన చోటు కింద నుంచి నాలుగైదు కొమ్మలు వేసుకుని లేస్తుంది. మేం నరికిన పొదలు తర్వాతి వానాకాలానికి ముందుకంటే గుబురుగా వచ్చాయి. పైగా ఆ మిషన్ గోలలో పక్కన ఏనుగు ఉందో లేదో వినపడదు, అది ఇంకో టెన్షన్. నిప్పు పెడితే పోదా అని కొందరంటారు. పైన కాలుతుంది, వేరు బతికే ఉంటుంది, దానికి పోటీగా ఉండే చిన్న మొక్కలు మాత్రం మాడిపోతాయి. ఇంకా దానికే మేలు. జేసీబీ అంటారు ఇంకొందరు. జేసీబీ పులికంపతో పాటు నేలనంతా తిరగేస్తుంది, తిరగేసిన నేలలో నెల తిరక్కుండా వయ్యారిభామ మొలుస్తుంది. ఒక రోగం పోయి ఇంకో రోగం.

దీనికి సరైన పద్ధతి ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్.బాబు, ఆయన బృందం ఎప్పుడో చెప్పారు, ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అడవిలో చేసి చూపించారు కూడా. చిగుళ్లు వేసే శక్తి అంతా కాండం మొదట్లో, వేరు మొదలయ్యే చోట ఉంటుంది. కాబట్టి నేలకు మూడు నాలుగు సెంటీమీటర్ల కింద తల్లివేరును ఒక్క దెబ్బలో తెంపాలి, తెంపిన పొదను ఎత్తి తలకిందులుగా పడేయాలి, వేర్లు ఆకాశం చూస్తూ ఎండిపోవాలి. అంతే. మట్టి పెద్దగా కదలదు, పక్కనున్న ఉసిరి మొక్కకు దెబ్బ తగలదు. చదివితే రెండు నిమిషాల పని. చేయబోతే మామూలు గుద్దలి అంచు వెడల్పు ఎక్కువై పక్క వేర్లలో ఇరుక్కుంటుంది, గడ్డపార అయితే వేరును గుచ్చుతుంది కానీ తెంపదు, మచ్చుకత్తి మట్టిలో రెండు దెబ్బలకే మొద్దుబారుతుంది.

అప్పుడు కొలిమికి వెళ్లాను. ఆచారికి డెబ్బై దగ్గర పడి ఉంటాయి, కొడుకు సమ్మెట కొడతాడు, తిత్తి పోయి ఫ్యాను బ్లోయర్ వచ్చింది. నేను ఫోన్‌లో బొమ్మలు చూపిస్తున్నా, కొలతలు చెప్తున్నా, ఆయన ఫోన్ వైపు చూడనే లేదు. "బొమ్మలు ఎందుకులే మేడం, ఆ చెట్టు వేరుతో సహా ఒకటి తెచ్చీండి, చూస్తా" అన్నాడు. మర్నాడు మూడు తీసుకెళ్లా, చిన్నది, మధ్యరకం, ముసలిది. ముసలిదాని మొదలు నా మణికట్టంత ఉంది. ఆయన దాన్ని దాగలి మీద పెట్టి కత్తితో ఒక చోట కొట్టాడు, తిప్పి ఇంకో చోట కొట్టాడు. "ఇది నరికితే తెగే రకం కాదు, లోపలికి పోతా తెగాల" అన్నాడు. నాకు అర్థం కాలేదు. వస్తువు చేతికొచ్చాక అర్థమైంది: అంచు తిన్నగా లేదు, కొంచెం లోపలికి వంపు తిరిగి ఉంది, దెబ్బ పడగానే వేరు పక్కకు జారిపోకుండా ఆ వంపులో ఆగి తెగుతుంది. ఢిల్లీ ఆచార్యులు చెప్పింది పలమనేరు ఆచారి చేసిచ్చాడు అని మా వాళ్లతో జోకేశా, ఎవరూ నవ్వలేదు.

వస్తువు వివరాలు. లారీ కమాన్ పట్టీ ఇనుము. తొమ్మిది అంగుళాల పొడవు, అంచు దగ్గర రెండున్నర అంగుళాలు. మొదట చేసిన నాలుగూ బరువు ఎక్కువ, రెండు కిలోల పైనే. మా దగ్గర పనికొచ్చేవాళ్లలో సగం మందికి పైగా ఆడవాళ్లు, మధ్యాహ్నానికి భుజాలు పట్టేశాయి. తిరిగి తీసుకెళ్తే విసుక్కోకుండా మళ్లీ కాల్చి పలచన చేశాడు, దానికి డబ్బు అడగలేదు. ఇప్పుడు ఒకటి కిలోన్నర చిల్లర. ధర ఏడొందల యాభై, కామ (కర్ర పిడి) వేరే నూట ఇరవై. బజార్లో గుద్దలి ఇంతకంటే చవక, ఆ మాట నిజం.

కామ సంగతి ఒకటి చెప్పాలి. గట్టి కామ కావాలంటే చండ్ర బాగుంటుందని ఆచారి పట్టు. "మీ అడివిలోనే ఉండాది కదా, ఒక కొమ్మ తెస్తే సరిపోయె" అన్నాడు, చాలా మామూలుగా. అభయారణ్యంలో ఎండుకొమ్మ బయటికి తీసుకురావాలన్నా వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 29 ఉంది, పులికంప తీయడానికే నిర్వహణ ప్రణాళికలో రాయించుకుని అనుమతి తెచ్చుకుని మొదలుపెట్టాం, గుద్దలి కామ కోసం నేనే దొంగనవ్వాలా అన్నా. ఆయన పకపకా నవ్వి నీలగిరి కర్ర వేశాడు. నీలగిరి కామ వేసవిలో ఎండి వదులవుతుంది, ఈ గుద్దలికి ఉన్న పెద్ద లోపం ఇదే. రాత్రి బకెట్ నీళ్లలో తల ముంచిపెడితే పొద్దునకు బిగుసుకుంటుంది. మొదట్లో ఈ సంగతి తెలియక ఒకసారి తల ఊడి ఎగిరి ఒకామె కాలి పక్కన పడింది, అంగుళం అటైతే ఏమయ్యేదో. ఆ రోజు నుంచి పొద్దున పని మొదలయ్యే ముందు ప్రతి గుద్దలినీ నేనే రాయి మీద తట్టి చూస్తా.

అంచు ఎంతకాలం నిలుస్తుంది? మా వైపు ఎర్రమట్టిలో అయితే నెలకు ఒకసారి సాన పట్టిస్తే చాలు, నలభై రూపాయలు. తలకోన వైపు పనిచేసే స్నేహితుడికి రెండు ఇచ్చాను. పది రోజుల్లో ఫోన్, "అక్కా, పళ్లు పళ్లుగా లేచిపోయింది" అని. శేషాచలం అంతా క్వార్ట్‌జైట్ రాయి, దాని మీద ఏ ఇనుమైనా అంతే. ఆచారి ఆ రెండింటినీ చూసి అంచు ఎక్కువ గట్టిపడిందని, రాతినేలకైతే కాస్త మెత్తగా ఉంచి చేస్తానని అన్నాడు. చేసిచ్చాడు కూడా, ఇప్పుడు వంగుతోంది కానీ పగలడం లేదట. కాబట్టి తిరుపతి వైపువాళ్లు కొనేటప్పుడు ఏ నేలలో వాడతారో ముందే చెప్పండి.

ఇక అందరూ నన్ను చెప్పమని అడిగే కథ. పోయిన కార్తీకంలో, మధ్యాహ్నం మూడు దాటింది, పదకొండు మందిమి వరసగా పనిచేస్తున్నాం. మాలో పెద్దావిడ ఒకామె ఉన్నట్టుండి గుద్దలి దించి నిలబడింది. "వాసన వస్తా ఉండాది" అంది మెల్లగా. నాకేమీ రాలేదు. ముందు పులికంప గోడలా ఉంది, పది అడుగుల అవతల ఏముందో కనబడదు. ఏనుగుల జాడ చూసే మా ట్రాకర్ ఆమె మొహం చూశాడు, గాలి ఎటు వీస్తోందో చూశాడు, చేత్తో వెనక్కి అన్నాడు. అరవకుండా, పరిగెత్తకుండా, పనిముట్లు ఉన్నచోటే వదిలేసి వెనక్కి నడిచాం. రోడ్డు ఎక్కాక కొమ్మలు విరిగిన చప్పుడు వినపడింది. ఏనుగులు ఆ గోడ వెనకాలే ఉన్నాయి, ఎంతసేపటి నుంచో మరి. మర్నాడు వెళ్తే ఒక గుద్దలి కామ రెండు ముక్కలు, ఇనుము మట్టిలో దిగబడి ఉంది. తీసి కడిగితే వంపు అలాగే ఉంది. ఆచారికి చెప్పడం నా పొరపాటు. ఇప్పుడు కొలిమికి ఎవరొచ్చినా "మా గుద్దలి ఏనుగు తొక్కినా వంగలే" అంటున్నాడు. అయ్యా, ఆ రోజు వాన పడి నేల మెత్తగా ఉంది, గుద్దలి మట్టిలోకి దిగిపోయింది, అంతే. దీన్ని గ్యారంటీ అనుకుని కొనకండి.

ఈ పోస్టు చూసేవాళ్లలో ఫారెస్ట్ ఉద్యోగాలకు చదివే పిల్లలు చాలామంది ఉంటారని తెలుసు, తిరుపతి గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ పొద్దున్నే నాలుగింటికి లేచి నడక ప్రాక్టీస్ చేసేవాళ్లు. మగపిల్లలకు నాలుగు గంటల్లో ఇరవై అయిదు కిలోమీటర్ల నడక, ఆ టెన్షన్ నాకు తెలుసు. అది దాటాక మాత్రం ఈ ఉద్యోగంలో వేగంగా నడవాల్సిన రోజులు తక్కువ. ఒకే చోట వంగి ఉండే రోజులు ఎక్కువ. మిగతావి మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), ఎస్టిమేట్లు, కొలతల పుస్తకం, పదేళ్ల ప్రణాళికలో మన పని ఏ పేరాలో ఉందో వెతకడం. పులికంప ఒకసారి తీస్తే పనైపోయిందనుకుంటారు కొత్తవాళ్లు. పికిలి పిట్టలు పండ్లు తిని ప్రతి చెట్టు కింద గింజలు వేసిపోతాయి, కాబట్టి తీసిన చోటికే మూడేళ్లు వరసగా వెళ్లి చేత్తో మొలకలు పీకాలి. కార్తీక, మార్గశిరాల్లో గడ్డి గింజలు ఏరి పెట్టుకోవాలి, తొలకరికి ముందు చల్లాలి. ఫైర్ లైన్లు (మంట పాకకుండా గడ్డి తీసేసి ఉంచే బాటలు) మాఘం దాటకుండా చెయ్యాలి, ఎందుకంటే కొత్తగా వచ్చిన గడ్డి ఎండితే ఒక్క బీడీ ముక్క చాలు. ఫొటో దిగేంత పని ఏదీ ఉండదు. రెండో ఏడు ఒక పొద్దున, మేం తీసిన చోట మోకాలెత్తు గడ్డిలో కణుజు (సాంబర్ జింక) పెంటికలు కనబడ్డాయి, నేను వాటిని ఫొటో తీసి ఇంట్లో వాళ్లకు పంపిస్తే మా అమ్మ "ఇదేందే, మేక పెంటికలు పంపినావు" అంది.

సరే, మళ్లీ కొట్టు సంగతికి. బాగాలేనివి కూడా చెప్పాలి కదా. ఒకటి, బిల్లు. ఆచారి దగ్గర బిల్లు పుస్తకం లేదు. సొంతానికి కొనేవాళ్లకు పర్వాలేదు, లెక్కలు చూపించాల్సినవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి, నేను వోచర్ మీద ఆయనతో సంతకం పెట్టించుకోవడానికి ఒక పూట కూర్చున్నా, ఆయనకు సంతకం కంటే సమ్మెట తేలిక. రెండు, మాట. "మంగళవారం ఇస్తా" అంటే ఏ మంగళవారమో చెప్పడు. నాలుగు గుద్దళ్లకు ఒక వారం అన్నాడు, మూడు వారాలు పట్టింది. రైతులకు దుక్కుల సీజన్ అయితే మనవి పక్కన పడేస్తాడు, అందులో తప్పు కూడా పట్టలేం. మూడు, అన్నీ ఒకేలా ఉండవు. పన్నెండు చేయిస్తే రెండింటికి వంపు తేడా వచ్చింది, కామ దూర్చే రంధ్రం ఒకదానికి వంకర. తీసుకునేటప్పుడే ఒక్కొక్కటీ చేతిలో పట్టుకుని ఊపి చూసుకోండి, ఆయన ఏమీ అనుకోడు. ఫోన్ ఎత్తడు, ఎత్తినా సమ్మెట చప్పుడులో వినపడదు, నేరుగా వెళ్లడమే.

ఎవరికి పనికొస్తుంది: పొలం గట్ల మీద, చెరువు కట్ట మీద పులికంప పేరుకుపోయినవాళ్లకు, ఊరి కొండను బాగుచేద్దామని ఆదివారాలు వెళ్లే పిల్లలకు. వాన పడి నేల నానిన రోజుల్లో వాడండి, పూత కాయ దిగకముందే తీయండి, కాయలున్న పొదను లాక్కుంటూ తీసుకెళ్తే దారిపొడవునా మీరే విత్తనం చల్లినట్టు. సర్కారు తుమ్మకు మాత్రం దీన్ని వాడొద్దు, దాని వేరు పద్ధతి వేరు, మేం ఒకసారి ప్రయత్నించి అంచు పోగొట్టుకున్నాం. అభయారణ్యం లోపలికి మాత్రం సొంతంగా గుద్దలి పట్టుకుని వెళ్లకండి, ఎంత మంచి ఉద్దేశమైనా సరే, కేసవుతుంది.

ఐదుకు నాలుగు ఇస్తున్నా. ఆ పోయిన ఒక్కటి కామకు సగం, మంగళవారానికి సగం. ఈ వానాకాలానికి ఇంకో పది చెప్పి రెండు వేలు అడ్వాన్స్ ఇచ్చి వచ్చా. నిన్న వెళ్లి చూస్తే నా కమాన్ పట్టీలు ఇంకా గుట్టలోనే ఉన్నాయి, ఆచారి ఎవరిదో నాగలి కర్రు కాలుస్తూ "మంగళవారం మేడం" అన్నాడు.